బీకన్ హిల్ మీద రేడియో

రేడియోలో బేస్‌బాల్ ఆట మొదలవడానికి పావుగంట ముందు ఆయన పెన్సిల్ చెక్కేవారు. షార్పెనర్ వాడేవారు కాదు. వంటగది బల్ల మీద పాత పేపరు పరుచుకొని, చిన్న చాకుతో, మొన సన్నబడేదాకా తిప్పుతూ తిప్పుతూ చెక్కేవారు. ఆ పొట్టంతా పేపర్లోనే మడిచి చెత్తబుట్టలో వేసి, రేడియో ముల్లును 710 దగ్గరికి తిప్పి, పొడుగాటి స్కోరు పుస్తకం తెరిచేవారు. 2001లో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా నా సాయంత్రాలు ఇట్లాగే మొదలయ్యాయి.

ఆ జనవరిలోనే నేను సియాటిల్‌లో దిగాను. మాది జగిత్యాల దగ్గర పల్లె. హైదరాబాద్‌లో చదువు, అమీర్‌పేటలో కోర్సులు, ఆ తర్వాత హెచ్1బీ, అప్పటి అందరి దారే. మనవాళ్ళంతా బెల్‌వ్యూ, రెడ్‌మండ్ వైపు ఉండేవాళ్ళు. నాకు కారు లేదు. బీకన్ హిల్ మీద ఒక ఇంటి బేస్‌మెంట్‌లో తక్కువ అద్దెకు గది దొరికింది, 36 నంబరు బస్సు దగ్గర్లోనే ఆగేది, చాలనుకున్నాను. పైన ఇంటి ఓనరు ఒక్కరే ఉండేవారు. డెబ్బై ఏళ్ళ జపనీస్ అమెరికన్. పుట్టింది, పెరిగింది సియాటిల్‌లోనే. ఆయన పేరు రాయను, పిల్లలు ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నారు. పైకి సర్ అని పిలిచేవాణ్ణి, మనసులో మాత్రం తాతగారే.

ఫిబ్రవరి 28న 6.8 తీవ్రతతో భూకంపం వచ్చి ఆ ఇంటి చిమ్నీ ఇటుకలు కొన్ని వాకిట్లో పడ్డాయి. ఇద్దరం కలిసి ఎత్తిపోశాం. అప్పటికి మా పరిచయం అంతే. మాట కలిసింది మాత్రం క్రికెట్ వల్ల.

మార్చిలో కోల్‌కతా టెస్టు. మనకు పొద్దున తొమ్మిదిన్నరంటే అక్కడ ముందు రోజు రాత్రి ఎనిమిది. ఫాలో ఆన్ ఆడుతున్నాం, లక్ష్మణ్, ద్రవిడ్ క్రీజులో ఉన్నారు. డయలప్ మీద స్కోరు పేజీ తెరిచి నిమిషానికోసారి రిఫ్రెష్ కొడుతూ తెల్లవార్లూ కూర్చున్నాను. ఆ రోజంతా ఒక్క వికెట్ పడలేదు. అర్ధరాత్రి దాటాక పైనుంచి తాతగారు దిగొచ్చి, లైటు ఇంకా వెలుగుతోంది, ఒంట్లో బాగాలేదా అని అడిగారు. ఇదీ సంగతి అని చెప్పాను. మా హైదరాబాదీ ఒకాయన మణికట్టు తిప్పి బంతిని ఎటు కావాలంటే అటు పంపిస్తాడని చేత్తో చూపించాను. ఆయన కాసేపు నా మణికట్టు వైపే చూసి, వచ్చే నెల మా ఊరికి అట్లాంటి మనిషే ఒకడు వస్తున్నాడు, పైకి వచ్చి విను అన్నారు.

ఆ మనిషి ఇచిరో సుజుకి.

మా ఊరి బేస్‌బాల్ జట్టు సియాటిల్ మారినర్స్ ఆ ఏడాది గొప్పగా ఆడతారని ఎవరూ అనుకోలేదు. మూడేళ్ళలో ముగ్గురు మహానుభావులు వెళ్ళిపోయారు. 1998లో రాండీ జాన్సన్, 2000 మొదట్లో కెన్ గ్రిఫీ జూనియర్, ఆ డిసెంబరులో అలెక్స్ రోడ్రిగెజ్. రోడ్రిగెజ్ టెక్సాస్ వాళ్ళతో పదేళ్ళకు 25.2 కోట్ల డాలర్లకు సంతకం పెట్టాడు. ఏప్రిల్‌లో అతను టెక్సాస్ చొక్కాతో సియాటిల్‌కు ఆడటానికి వచ్చినప్పుడు జనం పై అంతస్తు నుంచి దొంగ నోట్లు విసిరారు. తాతగారికి ఆ పని నచ్చలేదు. పిల్లవాడు ఇక్కడే పెద్దవాడయ్యాడు, ఇంటికొచ్చిన వాణ్ణి అట్లా అవమానిస్తారా అని బాధపడ్డారు.

ఇచిరో జపాన్‌లో ఓరిక్స్ బ్లూవేవ్ జట్టు నుంచి వచ్చాడు. అంతకుముందు జపాన్ నుంచి అమెరికా పెద్ద లీగ్‌కు వచ్చి నిలబడ్డవాళ్ళంతా పిచ్చర్లే. మన భాషలో బౌలర్లు. రోజూ బ్యాటింగ్ చేసే జపాన్ ఆటగాడు అప్పటిదాకా లేడు. సన్నటి మనిషి, ఇక్కడి పిచ్చర్ల వేగానికి ఆగుతాడా అని పేపర్లు రాసేవి. ఆ మాటలు చదివినప్పుడల్లా తాతగారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టేసేవారు. ఏమీ అనేవారు కాదు.

ఆ జట్టు మెజారిటీ యజమాని కూడా జపానాయనే, నింటెండో అధిపతి హిరోషి యమౌచి. 1992లో జట్టు ఊరు వదిలి పోతుందన్న సమయంలో డబ్బు పెట్టి నిలబెట్టాడు. విదేశీయుడికి అమ్ముతారా అని అప్పుడు గొడవ చేశారు. 2013లో చనిపోయేదాకా ఆయన సియాటిల్ వచ్చి తన జట్టు ఆట ఒక్కటి కూడా మైదానంలో కూర్చొని చూడలేదు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఏప్రిల్ 2న ఓక్లాండ్‌తో మొదటి ఆట. 5-4తో గెలిచాం. ఇచిరోకు రెండు హిట్లు, అంటే బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరడం రెండుసార్లు. రేడియోలో డేవ్ నీహాస్ గొంతు వినిపించేది, ఏదైనా అద్భుతం జరిగితే "మై ఓ మై" అని సాగదీసేవాడు. మా ఊళ్ళో హరికథ చెప్పే దాసుగారు కథ పట్టుమీదికి వచ్చినప్పుడు గొంతు అట్లాగే సాగదీసేవారు. భాష సగం అర్థం కాని రోజుల్లోనే నాకు ఆ గొంతు దగ్గరైపోయింది.

స్కోరు రాయడం తాతగారే నేర్పారు. మైదానంలో తొమ్మిది మందికీ తొమ్మిది అంకెలుంటాయి. పిచ్చర్ 1, క్యాచర్ 2, అక్కడి నుంచి రైట్ ఫీల్డర్ 9 దాకా. బ్యాటర్ వరసగా చుట్టి రావాల్సిన మజిలీలు బేస్‌లు. రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ బంతి అందుకొని రెండో బేస్‌కు, అక్కడి నుంచి మొదటి బేస్‌కు పంపి ఇద్దరిని అవుట్ చేస్తే 6-4-3. స్ట్రైకవుట్‌కు, అంటే మూడు మంచి బంతులు కొట్టలేక అవుటయితే, కె అక్షరం. బ్యాటు కదపకుండా చూస్తూ నిలబడి అవుటయితే అదే అక్షరాన్ని వెనక్కి తిప్పి రాయాలి. ఒక్కో బ్యాటర్‌కు ఒక్కో చిన్న గడి, గడిలో వజ్రం ఆకారం, మనిషి ఎక్కడిదాకా పరుగెత్తితే అక్కడిదాకా గీత. ఇల్లు, అంటే బయల్దేరిన చోటు, మళ్ళీ చేరితే ఒక పరుగు, వజ్రం మొత్తం నల్లగా నింపెయ్యాలి. పుస్తకం చూస్తే చాలు, ఆట మొత్తం మళ్ళీ కళ్ళముందు నడిచేది.

ఏప్రిల్ 11. మళ్ళీ ఓక్లాండ్‌తోనే, వాళ్ళ ఊళ్ళో. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బంతి రైట్ ఫీల్డ్ వైపు వెళ్ళింది. మొదటి బేస్ మీదున్న టెరెన్స్ లాంగ్ మంచి పరుగుగాడు, రెండో బేస్ దాటి మూడో దానికి లంకించుకున్నాడు. ఇచిరో పరుగెత్తుకొచ్చి అందుకొని విసిరాడు. రేడియోలో మాట్లాడుతున్నాయన గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. బంతి నేలకు తగలకుండా గీత గీసినట్టు వచ్చి మూడో బేస్ దగ్గర డేవిడ్ బెల్ చేతిలో పడింది. లాంగ్ అవుట్. తాతగారు గడిలో 9-5 అని రాశారు. దాని చుట్టూ సున్నా చుట్టారు. పెన్సిల్ కింద పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళి, అటు తిరిగి చాలాసేపు నిలబడ్డారు. ఒక్క త్రోకు ఇంతగా కదిలిపోతారా అని నేను అప్పుడు అనుకున్నాను. సెప్టెంబరు దాకా నాకు తెలియలేదు.

ఏప్రిల్‌లో 25 ఆటలాడి 20 గెలిచారు. మేలోనూ 20. ఆ మే మధ్యలోనే నా ప్రాజెక్టు అయిపోయింది. డాట్‌కామ్‌లు కూలుతున్న ఏడాది, ఎక్కడా పిలుపు లేదు. నా కన్సల్టెన్సీ వాళ్ళు బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఆపేశారు. వీసా ఏమవుతుందో తెలియదు. అమెరికా వచ్చేటప్పుడు నాన్న చేసిన అప్పు అట్లాగే ఉంది. కాలింగ్ కార్డుతో ఇంటికి ఫోన్ చేసి, అంతా మంచిగనే ఉందమ్మా అని చెప్పి పెట్టేసేవాణ్ణి. జూన్ అద్దె కట్టలేనని చెప్పడానికి పైకి వెళ్ళాను. తాతగారు విని, సీజన్ అయ్యాక చూద్దాంలే, ఇవాళ జేమీ మోయర్ వేస్తున్నాడు, కూర్చో అన్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బేస్‌బాల్ సీజన్ అంటే 162 ఆటలు. ఆరు నెలలు, ఇంచుమించు ప్రతి రోజూ. క్రికెట్ అలవాటున్న నాకు మొదట అది దండగ అనిపించింది, రోజూ ఆడితే ఏ ఆటకు విలువ ఉంటుంది అని. పని లేక, చేతిలో డబ్బు లేక, తెల్లారితే ఏం చెయ్యాలో తెలియక కూర్చున్న ఆ మూడున్నర నెలల్లో అర్థమైంది ఆ రోజూ అన్నదాని విలువ. పొద్దున రెజ్యూమేలు పంపేవాణ్ణి, మధ్యాహ్నం ఫోన్ల కోసం ఎదురుచూసేవాణ్ణి, సాయంత్రం ఏడు గంటలకు మాత్రం నాకు వెళ్ళాల్సిన చోటు ఒకటి ఉండేది. అదొక్కటే లేకుండా ఉంటే నేనా ఎండాకాలం గట్టెక్కేవాణ్ణి కాదు. ఇది పెద్దమాటగా అనడం లేదు.

ఆ జట్టు గురించి తలుచుకుంటే ఇప్పటికీ పేర్లు వరసగా వచ్చేస్తాయి. బ్రెట్ బూన్, మన సిక్సర్ల లాంటి హోమ్‌రన్లు 37, ఆర్‌బీఐలు 141, అంటే అతని దెబ్బల మీద ఇల్లు చేరిన పరుగులు. ఎడ్గార్ మార్టినెజ్, ఎంత మెత్తని మనిషో బ్యాటు అంత గట్టిది. జాన్ ఒలెరూడ్, కాలేజీ రోజుల్లో మెదడులో రక్తనాళం దెబ్బతిని బతికి బయటపడ్డవాడు, ఫీల్డింగ్‌లో కూడా హెల్మెట్ పెట్టుకొనే ఆడేవాడు. మైక్ కామెరాన్ నవ్వు. 38 ఏళ్ళ వయసులో నిదానంగా బంతులేసి 20 ఆటలు గెలిచిన జేమీ మోయర్. చివరి ఇన్నింగ్స్ మూసేయడానికి కజుహిరో ససాకి. వీళ్ళందరినీ అదిలించే మేనేజర్ లూ పినెల్లా. ఆల్‌స్టార్ ఆట కూడా ఆ జూలైలో సియాటిల్‌లోనే జరిగింది, మారినర్స్ నుంచి ఎనిమిది మందిని తీసుకున్నారు. ఆ విరామానికి మా లెక్క 63 గెలుపులు, 24 ఓటములు.

ఇచిరోను టీవీలో చూసిన రోజు లక్ష్మణ్ గుర్తొచ్చాడు, కానీ ఇది ఇంకో రకం. క్రీజులోకి వచ్చి కుడిచేత్తో బ్యాటును నిటారుగా పిచ్చర్ వైపు చాపి, ఎడమచేత్తో కుడిభుజం మీద చొక్కాను కొంచెం పైకి లాగుతాడు. ప్రతి బంతికీ అంతే, పూజలో ఆచమనం చేసినట్టు. బంతి తగిలేసరికే కాళ్ళు మొదటి బేస్ వైపు రెండడుగులు వేసి ఉంటాయి. నేల మీద దొర్లే బంతి, ఇంకెవరైనా అయితే అవుటయ్యేది, ఇతను మాత్రం బేస్ దాటేసేవాడు. ఆ ఏడాది 242 హిట్లు, 1930 తర్వాత అప్పటిదాకా ఒక సీజన్‌లో ఎవరూ అన్ని కొట్టలేదు.

ఆగస్టు 5 ఆదివారం. క్లీవ్‌లాండ్‌లో ఆట. మూడు ఇన్నింగ్స్‌లకే 12-0, తర్వాత 14-2. ఆ రోజు బెల్‌వ్యూలో ఒక మిత్రుడి కొడుకు పుట్టినరోజు, ఇక ఈ ఆటలో చూసేదేముందని బయల్దేరాను. రాత్రి పదింటికి వచ్చేసరికి వంటింట్లో లైటు వెలుగుతోంది, తాతగారు టీ తాగుతున్నారు. మాట్లాడకుండా పుస్తకం నా వైపు తిప్పారు. ఏడో ఇన్నింగ్స్‌లో మూడు, ఎనిమిదిలో నాలుగు, తొమ్మిదిలో ఐదు. క్లీవ్‌లాండ్ వైపు పేజీ నిండా నల్లని వజ్రాలు. పదకొండో ఇన్నింగ్స్‌లో 15-14తో ఓడిపోయాం. అక్షరాలు మొదటి ఇన్నింగ్స్‌లో ఎంత గుండ్రంగా ఉన్నాయో చివర్లోనూ అంతే గుండ్రంగా ఉన్నాయి. చెయ్యి వణకలేదు. ఆట ముగిసేదాకా రాయాలి కదా అన్నారు, నేను ఏమీ అడగకపోయినా.

ఆ నెలాఖరులో టకోమాలో చిన్న ప్రాజెక్టు దొరికింది. సెప్టెంబరు 10 నాటికి జట్టుకు 104 గెలుపులు.

మర్నాడు పొద్దున ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఆటలు ఆగిపోయాయి. అమ్మ ఫోన్ చేసి, "బయటికి పోకు బిడ్డా, గడ్డం తీసెయ్యి" అని ఏడ్చింది. అరిజోనాలో పెట్రోలు బంకు నడుపుకునే సిక్కు ఆయన్ని తలపాగా చూసి కాల్చి చంపారు. సియాటిల్‌లోనే నార్త్‌గేట్ దగ్గర మసీదు బయట కార్లు తగలబెట్టడానికి ఒకడు వచ్చాడు. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు వంతులేసుకొని మసీదుకు కాపలా కాశారు, అది కూడా చెప్పాలి. నేను మాత్రం గది దాటలేదు. నాలుగు రోజులు అన్నం, పచ్చడితో గడిపాను.

ఐదో రోజు తాతగారు తలుపు కొట్టారు. జపాన్ సరుకుల దుకాణం ఉవాజిమాయాకు కూరగాయలకు పోదాం పద అన్నారు. నేను తటపటాయిస్తుంటే, గడపలోనే నిలబడి చెప్పారు. 1942లో ఆయనకు 11 ఏళ్ళు. జపాన్‌తో యుద్ధం మొదలయ్యాక సియాటిల్‌లోని జపాన్ సంతతి వాళ్ళందరినీ ఖాళీ చేయించారు. చేతుల్లో పట్టినంత సామానే తెచ్చుకోమన్నారు. మొదట ప్యుయాలప్‌లో సంతలు జరిగే మైదానంలో పెట్టారు, తర్వాత రైల్లో ఐడహోకు, మినిడోకా శిబిరానికి. ముళ్ళకంచె, దుమ్ము, తారు కాగితం గుడిసెలు. ఆయన ఒక చేతిలో చెల్లెలి చెయ్యి, ఇంకో చేతిలో మూట, చొక్కా లోపల బేస్‌బాల్ గ్లవ్. శిబిరంలో పెద్దవాళ్ళు సేజ్‌బ్రష్ తుప్పలు కొట్టి నేల చదును చేస్తే ఆడుకున్నారట. మూడేళ్ళు.

అంతే చెప్పారు. చెప్పి, సంచీ పట్టుకో అన్నారు. ఆ రోజు బస్సులో ఆయన కిటికీ వైపు సీటు నాకిచ్చి తను బయటి వైపు కూర్చున్నారు.

సెప్టెంబరు 19న ఏంజెల్స్‌తో ఆటకు ఆయనే టికెట్లు కొన్నారు. సేఫ్‌కో ఫీల్డ్‌లో నేను అడుగుపెట్టడం అదే మొదలు. గేటు దగ్గర తనిఖీలు. లోపల వెల్లుల్లి వేసిన ఫ్రైస్ వాసన, పక్కనే పట్టాల మీద రైలు కూత. పై అంతస్తులో, రైట్ ఫీల్డ్ వైపు కూర్చున్నాం. ఇచిరో వీపు మీద 51, అంతకుముందు రాండీ జాన్సన్ వేసుకున్న అంకె. ఆ రాత్రి గెలిచి డివిజన్ టైటిల్ ఖాయం చేసుకున్నారు. మామూలుగా అయితే షాంపేన్ పొంగించుకొని కేకలు వేసేవాళ్ళు. అవేవీ లేవు. మార్క్ మెక్‌లెమోర్ జెండా పట్టుకొని వచ్చాడు. ఆటగాళ్ళంతా మధ్యలో పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బ చుట్టూ మోకాళ్ళ మీద కూర్చొని తలలు వంచారు. తర్వాత జెండాతో మైదానం చుట్టూ నడిచారు. వేలమంది ఉన్నచోట ఏడుపులు వినిపించేంత నిశ్శబ్దం.

తాతగారు లేచి నిలబడ్డారు. టోపీ తీసి గుండెకు ఆనించుకున్నారు. నా భుజం మీద ఇంకో చెయ్యి వేశారు. కింద ఆ గుంపులో, జెండాకు కొంచెం వెనక, ఇచిరో కూడా ఉన్నాడు. ఆయన చూపు అక్కడే ఉంది. ఏప్రిల్‌లో కిటికీ దగ్గర అటు తిరిగి ఎందుకు నిలబడ్డారో నాకు అప్పుడు తెలిసింది.

అక్టోబరు 6న టెక్సాస్ మీద 1-0తో గెలిచి 116. 1906లో చికాగో కబ్స్ చేసిన రికార్డుతో సమానం. చివరి రోజు ఓడిపోయి 116 దగ్గరే ఆగారు. సీజన్ తర్వాతి నాకౌట్ పోటీల్లో, అంటే ప్లేఆఫ్స్‌లో, క్లీవ్‌లాండ్‌ను మూడు రెండుతో దాటి న్యూయార్క్ యాంకీస్‌తో తలపడ్డాం. న్యూయార్క్ ఇంకా పొగలో ఉంది, దేశం మొత్తం వాళ్ళ వైపే ఉన్నట్టనిపించింది, తప్పు పట్టలేం. నాలుగో ఆటలో తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ససాకి బంతిని ఆల్ఫోన్సో సోరియానో హోమ్‌రన్ కొట్టాడు. మర్నాడు 12-3. సీజన్ అయిపోయింది.

116 గెలిచి ఏం లాభం, ట్రోఫీ లేదు కదా అని ఇప్పటికీ అంటుంటారు. 1906 కబ్స్ కూడా అంతే, ఆఖరి మెట్టు మీద ఓడారు. నేను ఒప్పుకోను. ఐదు ఆటల్లో నాలుగు ఓడటం ఎవరికైనా జరుగుతుంది. ఆరు నెలలు పొద్దు తప్పకుండా వచ్చి పని చేసి వెళ్ళడం ఎవరికిపడితే వాళ్ళకు జరగదు. ఆ జట్టు నాకు ఇచ్చింది అది, ట్రోఫీ ఇచ్చేది కాదు.

నవంబరులో డల్లాస్‌లో ఉద్యోగం వచ్చింది. బాకీ అద్దె మొత్తం చెక్కు రాసి ఇచ్చాను. తాతగారు తీసుకున్నారు, లెక్క చూసుకొని మరీ తీసుకున్నారు, అందుకు ఆయన మీద నాకు ఇంకా గౌరవం పెరిగింది. వెళ్ళేటప్పుడు ఏమైనా కావాలా అని అడిగితే ఆగస్టు 5 పేజీ జిరాక్స్ కావాలన్నాను. గెలిచిన 116 ఉండగా అదా అని ఆయన నవ్వారు. ఇప్పటికీ అది హెచ్1 కాగితాలు, పాత ఐ-94ల మధ్య అదే ఫైల్లో ఉంది.

2004లో హైదరాబాద్ వచ్చేశాను. 2008 చలికాలంలో తాతగారు పోయారని వాళ్ళమ్మాయి ఈమెయిల్ రాసింది. రెండేళ్ళకు నీహాస్ కూడా పోయాడు. 2001 తర్వాత మారినర్స్ మళ్ళీ ప్లేఆఫ్స్ గడప తొక్కింది 2022లోనే. 2025లో ఇచిరో మేటి ఆటగాళ్ళకిచ్చే గౌరవం, హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్ళాడు, 394 ఓట్లలో 393 అతనికే. ఆ వార్త చదివిన రోజు ఫోన్ చేయడానికి నాకు ఎవరూ లేకపోయారు.

అదే ఏడాది అక్టోబరులో టొరంటోతో ఏడో ఆట. గెలిస్తే జట్టు చరిత్రలో మొదటిసారి ఫైనల్, వరల్డ్ సిరీస్. మనకు అది దీపావళి మర్నాటి తెల్లవారుజాము. ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు, కిటికీలోంచి ఇంకా మందుగుండు వాసన వస్తోంది. మా అమ్మాయి పాత లాంగ్ నోట్‌బుక్‌లో స్కేలు పెట్టి గళ్ళు గీశాను. వంటింటి చాకుతో పెన్సిల్ చెక్కాను. ఆరు ఇన్నింగ్స్‌లకు 3-1తో మనమే ముందు. ఏడో ఇన్నింగ్స్‌లో జార్జ్ స్ప్రింగర్ మూడు పరుగుల హోమ్‌రన్ కొట్టాడు. వాళ్ళ వైపు మూడు వజ్రాలు నింపాను, అంచులు దాటకుండా. 4-3.

తొమ్మిదో ఇన్నింగ్స్, ఆఖరి బ్యాటర్ హూలియో రోడ్రిగెజ్. బ్యాటు ఊపాడు, తగల్లేదు. కె, తిప్పకుండా, తిన్నగా రాశాను. కింద తేదీ వేశాను. మా ఆవిడ లేచి వచ్చి, ఇంత పొద్దున్నే ఏం రాస్తున్నారండీ అని అడిగింది.